నాలుగు పక్కలా చింపిన కార్డు

కల్లూరులో నూనె అంగడి పెట్టుకున్న గంగాధరానికి బతుకులో ఇక ఒకే ఒక కోరిక మిగిలింది. గోడకెక్కాలి.

ఆ గోడ కర్నూల్లో ఉంది. రెండు జిల్లాల నూనె వర్తకుల సంఘం హాలులో, వేదిక వెనక. సంఘానికి అధ్యక్షులుగా చేసినవాళ్ల ఫోటోలు అక్కడ వరుసగా తగిలించి ఉంటాయి. అన్నింటికీ టేకు చట్రాలు, గంధపు చెక్క దండలు. వరుస చివర ఒక మేకు ఖాళీగా ఉంది. మీటింగుకు వెళ్లినప్పుడల్లా గంగాధరం చూపు మాట్లాడేవాడి మీద ఉండదు, ఆ మేకు మీద ఉంటుంది. ఆ ఫోటోల్లోని వాళ్లంతా పోయినవాళ్లేనని అతనికి తెలియక కాదు. ఆ సంగతి అంత పట్టించుకోదగ్గదిగా తోచలేదు, అంతే.

సర్వజిత్తు నామ సంవత్సరం వస్తోంది. ఉగాది దాటిన ఆదివారం సంఘం ఎన్నిక.

"పేరే సర్వజిత్తు," అన్నాడు భార్య ప్రమీలమ్మతో. "అన్నీ గెలిచే సంవత్సరం. పంచాంగమే నాకు ఓటేసినాది."

"పంచాంగానికి ఓటుండాదా?" అంది ప్రమీలమ్మ, చేటలో కందిబ్యాళ్లు చెరుగుతూ.

పోటీకి నిలబడినవాడు సుదర్శన్. కర్నూలు టౌనులో మిల్లు ఉన్నవాడు. అప్పటికే రంగుల ఉగాది కార్డులు ప్రెస్సులో కొట్టించి సభ్యులందరికీ పంపుతున్నాడు. ఒకటి గంగాధరానికీ వచ్చింది. మీద వెంకటరమణస్వామి బొమ్మ, నాలుగు మూలలా పసుపు. గంగాధరం దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"స్వామి కనపడతాండాడు గాని సుదర్శన్ యాడ కనపడతాండాడు? ఈ కార్డు చూసి ఓటేస్తే అది స్వామికి పడతాది," అని పక్కన పారేశాడు.

అప్పుడు కోడలు పద్మప్రియ ముందుకు వచ్చింది. కడప పిల్ల. కాన్వెంటులో చదివి, డిగ్రీకి హైదరాబాదు వెళ్లి, అక్కడ ఎండాకాలం సెలవుల్లో చేత్తో గ్రీటింగు కార్డులు చేసే క్లాసుకు పోయింది. ఆ క్లాసు నుంచి ఒక సర్టిఫికెట్టు, ఒక పెట్టె తెచ్చుకుంది. సర్టిఫికెట్టు లామినేషనై దేవుని గూటి పక్కన వేలాడుతోంది. పెట్టెలో రబ్బరు అచ్చులు ఉన్నాయి: రోజాలు, చేమంతులు, ఆకులు, ఒక ప్రమిద. ఇంకా రెండు వైపులా మూతలున్న లావు పెన్నులు. ఆల్కహాల్ మార్కర్లట. మూత తీస్తే చాలు, సూది వేసేముందు చేతికి పూసే స్పిరిట్ వాసన ఇల్లంతా గుప్పుమంటుంది.

"చేత్తో చేసిన కార్డు లెక్కే వేరు మామా. అందుకున్నోళ్లు పారెయ్యరు, దాచిపెట్టుకుంటారు," అంది పద్మప్రియ.

దాచిపెట్టుకుంటారన్న మాట గంగాధరానికి నచ్చింది. ప్రెస్సువాడి ఖర్చు మిగులుతుందన్న మాట ఇంకా నచ్చింది గాని, అది ఆమె అనలేదు, అతనూ పైకి అనలేదు.

"నా ఫోటో పడతాదా?"

"మధ్యలో అదే మామా. చుట్టూ పూలు."

"పూలు పెద్దవి పెట్టమ్మా," అన్నాడు.

మరునాడే స్టూడియోకు వెళ్లాడు. ఫోటో తీసేవాడు "నగొద్దు శెట్టీ, పన్ను ఊడినకాడ సందు కనపడతాది" అన్నాడు. గంగాధరం నోరు బిగించి, కళ్లు నిలిపి, ఊపిరి కూడా పట్టి కూర్చున్నాడు. ఫోటో అచ్చం అలాగే వచ్చింది.

ఇంట్లో పని మొదలైంది. అచ్చును సిరా మెత్త మీద అద్ది, మందపాటి నున్నని కాగితం మీద నొక్కి, కదలకుండా పైకెత్తాలి. పువ్వు గీత పడుతుంది. ఆ గీతలోపల మార్కరుతో రంగు నింపాలి. ముందు లేతది, అది ఆరకముందే అంచుల్లో ముదురుది, మళ్లీ లేతదానితో రెండింటినీ కలిపెయ్యాలి. చేయి తిరిగినవాళ్లు చేస్తే నిజం రేకులాగే ఉంటుంది. అయితే ఒక్క షరతు. గీత పడిన సిరా స్పిరిట్‌కు కరగనిదై ఉండాలి. పద్మప్రియ దగ్గర ఉన్న అలాంటి మెత్త ఎండి అట్టముక్క అయింది. కొత్తది కావాలంటే హైదరాబాదు నుంచి తెప్పించాలి.

"సిరాకు హైదరాబాదా?" గంగాధరం ఆశ్చర్యపోయాడు. "మన అంగట్లో స్టాంపు ప్యాడు లేదా? బిల్లుల మీద కొడతాండామే, నల్లది. ఎన్నేండ్లయినా చెదరదు."

"అది స్పిరిట్ తగిలితే కరిగిపోతాది మామా."

"ఎండబెట్టు. కల్లూరు ఎండకు ఎండనిది ఏముండాది?"

ఎండబెట్టారు. ఎండింది. మార్కరు తగలగానే కరిగింది. నల్లసిరా గీత దాటి రంగులోకి పారింది. ఎర్ర రోజా బూడిద రంగుకు తిరిగింది. పసుపు చేమంతి మసిబట్ట అయింది. ఆకుల సంగతి చెప్పనక్కర లేదు.

"ఇట్ల నల్లగా వస్తాండాయేందే?" అంది ప్రమీలమ్మ.

"అది షేడింగ్ అత్తా," అంది పద్మప్రియ. గోడమీద సర్టిఫికెట్టు వేలాడుతుండగా తప్పు జరిగిందని ఎట్లా అంటుంది?

పూలయ్యాక అంచుల పని. కత్తెరతో కోసిన అంచుకు ఇప్పుడు విలువ లేదట. స్కేలు అదిమిపెట్టి చేత్తో చింపాలట, పీచుపీచుగా లేవాలట. ఆ పీచుకు మళ్లీ నల్లసిరా రుద్దాలట. అప్పుడు పాతకాలపు కళ వస్తుందట. నాలుగు పక్కలా అట్లాగే చింపింది, అట్లాగే రుద్దింది.

ప్రమీలమ్మకు మనసొప్పలేదు. "పండగ కార్డును చింపేదేంది? ఎట్లనో ఉండాది నాకు. మూలలకు రవ్వంత పసుపన్నా పెడదాం."

"పసుపు పెడితే లుక్కంతా పోతాదత్తా!"

"పసుపు నా మొగం మీదికి అంటుకుంటే?" అన్నాడు గంగాధరం. "ఊరకుండు. నీకు ఫ్యాషను తెలీదు."

ప్రమీలమ్మ ఊరకుంది. పెళ్లయిన నాటినుంచీ ఆ ఇంట్లో ఆమెకు నేర్పిన విద్య అదొక్కటే. సర్టిఫికెట్టు మాత్రం ఇవ్వలేదు.

ఫోటో కింద ప్రమిద అచ్చు కొట్టారు. ఎన్నికలో గంగాధరానికి వచ్చిన గుర్తు దీపం. నూనె వర్తకునికి దీపం కన్నా మంచి గుర్తు ఉంటుందా అని అతను మురిసిపోయాడు. దీపం కింద ఒక మాట ఉండాలన్నాడు. రెండు పూటలు అంగట్లో గల్లాపెట్టె ముందు కూర్చుని ఆలోచించి, తానే కట్టాడు. కర్నూల్లో ఆఫీసు ముద్రలు చేసేవాడి దగ్గర రబ్బరు ముద్ర చేయించాడు. ఎప్పటికీ మీ మనసులో, మీ గంగాధరం.

ఉగాది శుభాకాంక్షలూ, దీపం గుర్తుకు ఓటేయమన్న మాటా కార్డు లోపల పడ్డాయి. కవర్లు దండగని గంగాధరం అనడంతో మడిచి, చివర జిగురు అద్ది, వెనక చిరునామా రాశారు.

మొదటి కార్డును గంగాధరం దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు. నల్లని చిరుగు అంచు చూడలేదు. ముఖం చుట్టూ బూడిద రంగు పూలదండ చూడలేదు. కింద వెలుగుతున్న దీపం చూడలేదు. అతను చూసింది ఒకటే. తన ముఖం.

"శానా బాగుండాది," అన్నాడు.

శుక్రవారం పొద్దున ప్రమీలమ్మ ఆ కార్డుల సంచిని ఆటోలో వేసుకుని పోస్టాఫీసులో ఇచ్చి వచ్చింది. కోడుమూరు, డోను, ఆళ్లగడ్డ, కడప, ప్రొద్దుటూరు, సభ్యులున్న ప్రతి ఊరికీ కార్డులు బయల్దేరాయి. అవి ఆయా ఊళ్లకు చేరింది సోమవారం. అంటే ఉగాదికి ముందునాడు. అమావాస్య.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉత్తరాల కాలంలో పుట్టిన వాళ్లందరికీ తెలిసిన మాటే. కార్డు మూలకు పసుపు ఉంటే శుభం. మూల చింపి ఉంటే ఎవరో పోయారు. చింపిన కార్డును గడప దాటి లోపలికి తీసుకురారు. వాకిట్లోనే చూసి, అక్కడే చించి పారేసి, తలమీద నీళ్లు పోసుకుని లోపలికి వస్తారు. కాన్వెంటులో ఈ పాఠం చెప్పలేదు. గంగాధరానికి ఈ పాఠం బాగా వచ్చు. తన ముఖం ఎదురుగా ఉన్నప్పుడు అతనికి ఏ పాఠమూ గుర్తుండదు.

ఉగాది పొద్దున గంగాధరం తలంటుకుని, కొత్త అంచు పంచె కట్టి, వసారాలో ఫోను పక్కన కుర్చీ వేయించుకున్నాడు. మెప్పులు వినాలి కదా. మోగింది. పెద్దమనిషి మొదటి మోతకే ఎత్తకూడదని భార్యకు సైగ చేశాడు.

కోడుమూరు నుంచి వెంకటేశ్వరమ్మ. గంగాధరం చిన్నాయన భార్య, పిన్నమ్మ.

"ప్రమీలా... కార్డు చూస్తిమి తల్లీ. నోట మాట రాలేదు మాకు."

"వారం నుంచి ఇదే పని పిన్నమ్మా మాకు," అంది ప్రమీలమ్మ.

"వారం నుంచా! మాకొక మాట చెప్పకూడదా? శానా కష్టపడినాడా బిడ్డ?"

"ఆయనకేం కష్టం. కదలకుండా ఊపిరి బిగబట్టినాడు, అంతే. కష్టమంతా నాకూ కోడలికీ."

"కోడలు దగ్గరుండిందా?"

"దగ్గరుండేదేంది, అంతా ఆ పిల్ల చేతులమీదనే జరిగినాది. స్పిరిట్ వాసనకు తల తిరుగుతాండినా లేచి పోలేదు."

"బంగారు తల్లి. ఫోటోలో మొగం మాత్రం ప్రశాంతంగా ఉండాదమ్మా."

"నగొద్దని చెప్పినారు పిన్నమ్మా."

"ఆ టయానికి ఎవరు నగుతారు తల్లీ..." అవతల ఏడుపు. కొంచెం తేరుకున్నాక, "ఎప్పుడు ఎత్తినారు?"

"శుక్రవారం పొద్దున్నే. ఆటోలో ఏసుకోని పోతి."

"ఆటోలోనా! అంత పెద్ద ఊర్లో నలుగురు మనుషులు దొరకలేదా?"

"నలుగురేంటికి పిన్నమ్మా? ఒక సంచి. నేనొక్కదాన్నే పోస్టాఫీసులో పడేసి వస్తి."

అవతల ఏడుపు టక్కున ఆగింది. తర్వాత వెంకటేశ్వరమ్మ నీరసంగా, "రామకృష్ణ జీపులో బయల్దేరినాడు. నాకేమీ అర్థం కావడంలేదు, వాడే వచ్చి మాట్లాడతాడు," అని పెట్టేసింది.

"ఏమంటాది?" అన్నాడు గంగాధరం.

"మీ మొగం ప్రశాంతంగా ఉండాదంట. శానా ఏడ్చినాది."

"సంతోషం పట్టలేక," అన్నాడు గంగాధరం. "నేనంటే ప్రాణం మా పిన్నమ్మకు."

జీపు వచ్చింది. వెంకటేశ్వరమ్మ కొడుకు రామకృష్ణ, అతని వెనక కోడుమూరు వర్తకులు దిగారు. ఎవరి నుదుటా బొట్టు లేదు. భుజాల మీద తువ్వాళ్లు. తలలు వంచుకుని, చెప్పులు గేటు బయటే విడిచి, గొంతులు సవరించుకుంటూ లోపలికి వచ్చారు. వచ్చి చూస్తే, గంగాధరం కాలుమీద కాలేసుకుని గిన్నెలో ఉగాది పచ్చడి నాకుతున్నాడు.

"ఏమప్పా రామకృష్ణా! పండగపూట అందరూ కలిసి వస్తిరి! కార్డు అందినాదా?"

రామకృష్ణ స్తంభం పట్టుకున్నాడు. వెనకవాళ్లలో ఒకాయన మెట్టుమీద కూలబడ్డాడు.

"బతికే ఉండావా?" అన్నాడు రామకృష్ణ.

ఆ గొంతులో సంతోషం ఉందేమోనని గంగాధరం వెతికాడు. దొరకలేదు.

"ఉండకేం? నాకేమైనాది?"

"పాలివాళ్లం, దాయాదులం కదప్పా నీకు! మైల పట్టినాం. ఇంట్లో పొయ్యి వెలగలేదు. భక్ష్యాలకు రుబ్బి పెట్టుకున్న పూర్ణమంతా బర్రెకు పెడితిమి. పిల్లాజెల్లా అందరం తలకు పోసుకుంటిమి. ముసలమ్మ నిన్నటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు!"

"ఎవరు పోయినారని?"

"నువ్వే!"

రామకృష్ణ వెనక్కి పోయి, జీపు అద్దం సందులో పెట్టి తెచ్చిన కార్డును రెండు వేళ్లతో పట్టుకుని వచ్చాడు. ఇంట్లోకి తేలేదు, మెట్టు దగ్గరే నిలబడి చూపించాడు.

"ఫోటోకు దండ ఎవరికేస్తారప్పా? కింద దీపం ఎవరికి పెడతారు? ఎప్పటికీ మీ మనసులో అని ఎవరికి రాస్తారు? వాసన చూడు, గవర్నమెంటాసుపత్రి వాసన. ఒక మూల చింపితే ఒక మనిషి పోయినట్టు. నాలుగు పక్కలా చింపితివి! ఇంటిల్లిపాదీ పోయినారేమో, ఎత్తేదానికి మనుషులుండారో లేదోనని జీపు చేసుకోని వస్తిమి!"

"లోపల తెరిచి చూడకూడదా? ఉగాది శుభాకాంక్షలని అంత పెద్దగా ఉండాదే!"

"చావు కార్డు లోపల పండగ శుభాకాంక్షలు ఉండాయేమోనని ఎవడన్నా ఎతుకుతాడా?"

తలుపు చాటు నుంచి పద్మప్రియ సన్నగా, "అది వింటేజ్ లుక్కు..." అంది.

"ఎవరి లుక్కయినా గానీ తల్లీ, మా పూర్ణం పోయినాది," అన్నాడు రామకృష్ణ.

ప్రమీలమ్మ మొగుడి వైపు ఒక్కసారి చూసి, లోపలికి పోయి ఆకులు వేసింది. మైల లేదని తేలింది కాబట్టి కోడుమూరు వాళ్లంతా బొట్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆకలి మీద ఉన్నారు. ఆ ఇంటివాళ్లకు భక్ష్యాలు మిగలలేదు. చేయి కడుక్కుంటూ రామకృష్ణ, "శానా రుచిగా ఉండాయి వదినా. ఓటు సంగతి మాత్రం అడగొద్దు," అన్నాడు.

ఆ పూట నుంచి గంగాధరం చేసిన ఎన్నికల ప్రచారమంతా ఒకటే మాట. ఊరూరికీ ఫోను చేసి, "నేను గంగాధరాన్ని. బతికే ఉండాను," అని చెప్పడం. ఆళ్లగడ్డలో ఒక ముసలి వర్తకుడు, "అట్లయితే ఇంట్లో ఇంకెవరికన్నా ఇయ్యప్పా ఫోను, కనుక్కుంటా," అన్నాడు.

ఆదివారం హాలు నిండింది. వచ్చినవాడు వచ్చినట్టు గంగాధరం చేయి పట్టుకుని చూశాడు. అది అభిమానమో, ఒంట్లో వేడి ఉందో లేదో చూడడమో అతనికి తెలియలేదు.

సుదర్శన్ మాట్లాడాడు. గంగాధరాన్ని ఒక్క మాట అనలేదు. ఎందుకంటాడు? కళ్లు తుడుచుకున్నాడు.

"మన గంగాధరం శెట్టి నిండు నూరేండ్లు బతకాల. అధ్యక్షుని పనంటే తిరుగుడు, నిద్ర లేకపోవడం, బీపీ. ఒకసారి పోగొట్టుకోని ఏడిస్తిమి. ఇంకొకసారి ఏడ్చే ఓపిక మనకుండాదా అప్పా?"

చప్పట్లు. కొందరు నిజంగానే లేదన్నట్టు తల ఊపారు.

గంగాధరం లేచాడు. జేబులో రాసి పెట్టుకున్న ఉపన్యాసం ఉంది. దాన్ని బయటికి తియ్యలేదు. "నేను... బాగానే ఉండాను," అన్నాడు.

"అది చెప్పేదానికి మైకేంటికి?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. హాలు గొల్లుమంది.

ఓట్లు వేశారు. దీపం గుర్తు మీద ముద్ర కొట్టడానికి చాలామందికి చేయి రాలేదు. పోయినవాళ్ల తల దగ్గర పెట్టే దీపం వాళ్ల కళ్లలోనే ఉంది. లెక్క తొందరగానే తేలిపోయింది, పోసిన టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. సుదర్శన్ మెడలో దండ పడింది.

చప్పట్లు కొట్టినవాళ్లు కొట్టి, ఉన్నట్టుండి ఆపేశారు. అందరి కళ్లూ సుదర్శన్ మీద నుంచి గోడమీదికి పోయాయి. గంగాధరం కూడా తల తిప్పాడు.

ఖాళీ మేకుకు అతని ఫోటో వేలాడుతోంది. నిలువెత్తు కాదుగాని, పెద్దదే. టేకు చట్రం. గంధపు దండ. ఎదురుగా ఊదుబత్తి.

కడప నుంచి వచ్చిన పుల్లయ్య శెట్టి నెత్తి గోక్కుంటూ లేచాడు. "తప్పు మాది శెట్టీ. అమావాస్య నాడే నీ కార్డు స్టూడియోలో ఇచ్చి పెద్దది చేపిస్తిమి, సంతాప సభకు అక్కరకొస్తాదని. బతికినావని తెలిసేలోపల వాడు చట్రం బిగించేసినాడు. టేకు. యాడ పారేస్తాం? తెచ్చి వాచ్‌మన్ చేతికిస్తిమి. నీకిద్దామనే."

వాచ్‌మన్ దాసన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చట్రం కట్టిన ఫోటోను దండతో సహా చేతికిస్తే ఆ హాలులో ఇంతవరకూ అతను చేసింది ఒకటే పని. ఈసారీ, అందరూ ఓట్ల లెక్క దగ్గర మూగి ఉండగా, అదే చేశాడు.

"దించు దాసన్నా!" అన్నాడు సుదర్శన్. కొత్త అధ్యక్షుని మొదటి ఆజ్ఞ.

గంగాధరం చేయి అడ్డం పెట్టాడు. వేదిక ఎక్కాడు. ఫోటో ముందు నిలబడ్డాడు. స్టూడియోవాడు బూడిద పూలన్నీ తుడిచేసి, వెనక నీలిరంగు వేశాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. పిన్నమ్మ అన్నది అబద్ధం కాదు. ఎడమవైపుకు రవ్వంత వాలినట్టుంది. చేయి చాచి సరిచేశాడు.

"ఉండనీలే," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ప్రమీలమ్మ చేట పట్టుకుని కూర్చుని ఉంది. కబురు ముందే చేరింది.

"బతికుండే మొగుని ఫోటోకు దండేసి నా ఇంట్లోకి తెస్తే గడప తొక్కనీను," అంది.

"తేలేదు."

"యాడ పెడితిరి?"

"గోడకుండాది."

చెరుగుడు ఆగింది. "గెలిచినారా?"

"లే."

ప్రమీలమ్మ అతని ముఖంలోకి కాసేపు చూసింది. మళ్లీ చెరుగుడు మొదలుపెట్టింది.

అప్పటినుంచి గంగాధరం ఒక్క మీటింగూ మానలేదు. అందరికంటే ముందు వెళ్లి వేదిక దగ్గరి కుర్చీలో, సరిగ్గా తన ఫోటో కింద కూర్చుంటాడు. దాసన్న ఊదుబత్తులు వెలిగిస్తూ వరుసంతా వస్తాడు. చివరిదాని పొగ తిన్నగా గంగాధరం ముక్కులోకి పోతుంది. దగ్గుతాడు గాని కుర్చీ మార్చడు.

ఒకసారి ప్రొద్దుటూరు నుంచి సంఘంలో కొత్తగా చేరిన కుర్రవర్తకుడు పక్కన కూర్చున్నాడు. కళ్లజోడు ఇంట్లో మరిచి వచ్చాడు. గోడవైపు కళ్లు చికిలించి, "ఆ చివర ఉండే ఆయన ఎవరప్పా? అధ్యక్షునిగా చేసినాడా?" అన్నాడు.

"చేయాల్సినోడే," అన్నాడు గంగాధరం. "శానా మంచోడు."

"అయ్యో పాపం. ఎట్ల పోయినాడు?"

గంగాధరం పొగకు రెండుసార్లు దగ్గి, కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"పోస్టులో," అన్నాడు.